దేవుని ప్రేమించడం, పొరుగువానిని ప్రేమించడం: ముందు బాకీ, తరువాత కానుక

"నీ పూర్ణహృదయముతోను నీ పూర్ణాత్మతోను నీ పూర్ణమనస్సుతోను నీ దేవుడైన ప్రభువును ప్రేమింపవలెను" అనే మొదటి ఆజ్ఞను, "నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను" అనే రెండవ ఆజ్ఞను గుంటూరులోనైనా విజయవాడలోనైనా సండే స్కూలుకు వెళ్లే పిల్లలు సైతం చూడకుండా చెప్పగలరు. ధర్మశాస్త్రమూ ప్రవక్తలూ ఈ రెండింటి మీదనే ఆధారపడి ఉన్నాయని ప్రభువైన యేసు చెప్పిన సంగతి (మత్తయి 22:37-40) కూడా మనకు కొత్త కాదు. అయితే ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చిన విశ్వాసి, సోమవారం తెల్లవారగానే ఈ ఆజ్ఞలను ఏ పనితో మొదలుపెట్టాలో తెలియక వాటిని మళ్లీ వచ్చే ఆదివారానికి దాచిపెట్టుకుంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎలా కొనసాగించాలో నాకు తెలిసినంత వరకు ఇక్కడ వివరిస్తాను.

రెండవ ఆజ్ఞను ప్రభువు లేవీయకాండము 19వ అధ్యాయం, 18వ వచనం నుండి తీసుకున్నాడు. ఆ వచనం ఒక్కటే చదివి ఆపకుండా, ఆ అధ్యాయాన్ని ఒక సాయంత్రం కూర్చుని మొదటి నుండి చివరి వరకు చదవండి. కోత కోసేటప్పుడు పొలం ఓరలు పూర్తిగా కోయవద్దనీ, పరిగెను (కోతలో రాలిన వెన్నులను) బీదలకు విడిచిపెట్టమనీ, కూలివాని కూలి మరునాటి వరకు దగ్గర ఉంచుకోవద్దనీ, చెవిటివానిని తిట్టవద్దనీ, గ్రుడ్డివాని దారికి అడ్డం వేయవద్దనీ, కొండెములు (చాడీలు) చెప్పుకుంటూ తిరగవద్దనీ, తల నెరసినవారి ఎదుట లేచి నిలబడమనీ, పరదేశిని మనవలె ప్రేమించమనీ, తూకంలో కొలతలో అన్యాయం చేయవద్దనీ ఆ అధ్యాయం చెబుతుంది. పొరుగువానిని ప్రేమించమనే మాట ఈ పనుల నడుమ ఉంది. వీటిలో ఎక్కువ భాగం దానధర్మాలు కావు, మనం ఎదుటివారికి చెల్లించవలసిన బాకీలు. అందుచేత కానుకలు, అన్నదానాలు, దుప్పట్ల పంపిణీ మొదలుపెట్టకముందే మన మీద ఉన్న బాకీలు తీర్చడం ప్రేమకు మొదటి మెట్టు అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఉదయపు ప్రార్థన

దేవుని ప్రేమించడం తలుపు వేసుకున్న గదిలో, ఆయనతో ఒంటరిగా గడిపే సమయంలో మొదలవుతుంది. ఫోను చేతిలోకి తీసుకోకముందే ఆ సమయం ఇవ్వాలి. ఇంట్లో అందరూ లేచిన తరువాత గది దొరకని చిన్న ఇళ్లలో ఉండేవారు మేడ మీదికి వెళ్లవచ్చు, లేదా కాలువ గట్టున నడుస్తూ ప్రార్థించవచ్చు. సువార్తలలో ఒక చిన్న భాగాన్ని నిదానంగా రెండుసార్లు చదవండి. మొదటిసారి దేవుడు ఎలాంటివాడో అందులో ఏమి కనిపిస్తుందో చూసి స్తుతించండి. రెండవసారి ఈ రోజు నేను చేయవలసినది ఇందులో ఏమున్నదని అడగండి. మన అవసరాల జాబితా ఆ తరువాత రావచ్చు.

ఒక నోటు పుస్తకం పెట్టుకుని, అందులో మీ అంతస్తులో లేదా మీ వరుసలో ఉన్న ఇళ్లవారి పేర్లు రాయండి. వాచ్‌మన్ కుటుంబం, పనిమనిషి, పాలవాడు, వీధి మొగలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన కూడా అందులో ఉండాలి. పేరు తెలియని చోట ఖాళీ వదిలిపెట్టి, ఆ రోజు ఆ పేరు తెలుసుకోవడాన్నే మొదటి పనిగా పెట్టుకోండి. రోజుకు ఇద్దరి పేర్లు చెప్పి ప్రార్థిస్తూ పోతే, ఎవరి ఇంట్లో పెద్దాయనకు మోకాళ్లు పట్టేశాయో, ఎవరి అబ్బాయి పరీక్ష తప్పి నలుగురిలోకి రావడం మానేశాడో మన కంటికి కనిపించడం మొదలవుతుంది. ప్రార్థించినవారి విషయంలో సాయంత్రంలోగా చేయగలిగిన చిన్న పని ఏదైనా ఉంటే అది చేయాలి. ఏమీ లేకపోతే కనీసం ఆగి పలకరించాలి.

కుటుంబ ప్రార్థన విషయంలో ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో ఈ మాటల గురించి మాట్లాడమంటుంది. కనుక రాత్రి పది నిమిషాల ప్రార్థనతో సరిపెట్టక, పిల్లలను బండి మీద ట్యూషనుకు తీసుకువెళ్లే దారిలో కూడా మాట్లాడండి. కూరగాయల బండి దగ్గర ఐదు రూపాయల కోసం గీచి గీచి బేరమాడిన తల్లిదండ్రులు ఆ రాత్రి ప్రేమ గురించి ఎంత చక్కగా ప్రార్థించినా, పిల్లలు నేర్చుకునేది బేరమే.

విశ్రాంతి దినం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అదే గ్రంథం 5వ అధ్యాయంలో మీతో పాటు మీ దాసుడూ దాసీ విశ్రమించాలని ఆజ్ఞ ఉంది. మనం ఆదివారం ఇస్త్రీ బట్టలు వేసుకుని ఆరాధనకు వెళుతుంటే, మన ఇంట్లో పనిచేసే ఆమె ఆ రోజు వచ్చే బంధువుల కోసం రెట్టింపు అంట్లు తోముతున్నదంటే, ఆ ఆజ్ఞలో సగమే పాటిస్తున్నట్లు. వారానికి ఒక రోజు ఆమెకు జీతం కోయకుండా సెలవు ఇవ్వండి, ఆ పూట అంట్లు మనమే తోముకుందాం. ఆ సెలవు ఆదివారమే కానక్కరలేదు. ఆమెకు అనుకూలమైన రోజు ఏదో ఆమెనే అడగాలి.

పూర్ణమనస్సుతో ప్రేమించడమంటే ఏమిటో గుంటూరువారికి ఒక జీవితం చూపిస్తుంది. డాక్టర్ అన్నా శారా కుగ్లర్ అనే వైద్యురాలు 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చి, ముందు పాఠశాలల పని చూస్తూ, దొరికిన కొద్దిపాటి వసతితో రోగులను చూస్తూ, 1898లో స్త్రీల కోసం, పిల్లల కోసం ఆసుపత్రి తెరిచి, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆమెకు ఉన్న జాలి చాలామందికి ఉంటుంది. అయితే ఆమె ఆ జాలి వెనుక వైద్యవిద్యను, నేర్చుకున్న తెలుగును, దశాబ్దాల ఓపికను పెట్టారు. మీకు ఉన్న చదువు ఏదైనా, లెక్కలు రాయడం కావచ్చు, కరెంటు పని కావచ్చు, ప్రభుత్వ దరఖాస్తులు నింపడం కావచ్చు, దానిని పొరుగువారి కోసం మెరుగుపరచుకోవడం దేవుని ప్రేమించడంలో భాగమే.

కూలి, వడ్డీ, తూకం

గుంటూరు మిర్చి సీజనులో తొడిమలు తీసే పనికి వచ్చే స్త్రీలను ఒకసారి దగ్గరగా చూడండి. ముక్కుకు, నోటికి కొంగు కట్టుకుని, తుమ్ముతూ దగ్గుతూ, పొద్దస్తమానం కాయల కుప్పల ముందు కూర్చుంటారు. ఇంటికి వెళ్లి నీళ్లతో కడుక్కున్నా చేతుల మంట పోదు, ఆ చేతులతో చంటిబిడ్డను ఎత్తుకోవడానికి కూడా భయపడతారు. అలాంటి మనిషికి ఇవ్వవలసిన కూలిని "చిల్లర లేదు, రేపు చూద్దాం" అని వాయిదా వేయడం చిన్న విషయంగా కనిపిస్తుంది. అయితే సూర్యుడు అస్తమించకముందే కూలి ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15 ఆజ్ఞాపిస్తుంది, బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో హెచ్చరిస్తాడు. ఇంటి పనివారికి, మేస్త్రీలకు, ప్లంబరుకు, ప్రెస్సులో పెళ్లి పత్రికలు వేసిన కుర్రవాడికి, సంఘంలో సౌండ్ బాక్సులు మోసినవారికి ఇవ్వవలసిన డబ్బు ఎంతో ఈ రోజే కాగితం మీద రాయండి. ఫోన్‌పేలో ఒక్క నిమిషంలో పంపగలిగినది పంపండి. ఒకేసారి ఇవ్వలేనిది ఉంటే వారి వద్దకు మీరే వెళ్లి, ఏ తేదీకి ఎంత ఇస్తారో చెప్పి, ఆ తేదీ తప్పకండి. వారు మన గుమ్మం చుట్టూ తిరగవలసిన పరిస్థితి రాకూడదు.

సంఘాల లెక్కలకూ ఇదే వర్తిస్తుంది. కొత్త మందిరానికి పైకప్పు వేయించి, సెంట్రింగ్ కూలీల బాకీ నిలబెట్టి ప్రతిష్ఠ పండుగ చేయడం సరికాదు. పెద్దలు ప్రతిష్ఠ తేదీ నిర్ణయించే ముందు బాకీల పట్టిక అడిగి చూడాలి.

వడ్డీ మాట మన కూడికల్లో సాధారణంగా ఎత్తరు. అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తీసుకున్న కుటుంబం నెలనెలా వెయ్యి రూపాయలు కడుతూ, ఏడాది తిరిగేసరికి పన్నెండు వేలు చెల్లించినా అసలు ఇరవై వేలు అలాగే ఉంటుంది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ (అధిక వడ్డీ అప్పుల) వ్యవహారం బయటపడినప్పుడు, అవసరానికి అప్పు చేసిన కుటుంబాలు, ముఖ్యంగా స్త్రీలు, ఎలాంటి వేధింపులు పడ్డారో రాష్ట్రమంతా చూసింది. నా ప్రజలలో బీదవానికి అప్పిస్తే వడ్డీ కట్టవద్దని, కుదువపెట్టించుకున్న వస్త్రాన్ని ప్రొద్దు గుంకకముందే తిరిగి ఇవ్వమని, అతడు కప్పుకొని పండుకొనేది అదే కదా అని నిర్గమకాండము 22:25-27 చెబుతుంది. ఆ వస్త్రం స్థానంలో మన వీధుల్లో ఖాళీ చెక్కులు, సంతకం చేసిన ప్రామిసరీ నోట్లు, పింఛను పడే ఖాతా ఏటీఎం కార్డులు ఉన్నాయి. విశ్వాసి చేతిలో పొరుగువాని ఏటీఎం కార్డు కుదువగా ఉంటే దానిని ఈ రోజే తిరిగి ఇచ్చేయాలి. వైద్యానికో, చదువుకో, చావు ఖర్చుకో అడిగినవారికి అప్పిస్తే అసలు మాత్రమే తీసుకోవాలి. ఇంతకాలం తీసుకున్న వడ్డీ ఇప్పటికే అసలును మించిపోయి ఉంటే, నోటు చింపి చేతిలో పెట్టడం ఆ ఇంటికి సువార్తే అవుతుంది. పన్ను వసూలు చేసే జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానిని నాలుగంతలుగా తిరిగి ఇస్తానన్న తరువాతనే "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అని ప్రభువు చెప్పిన సంగతి లూకా 19లో మనకు తెలుసు.

తూకం గురించి వ్యాపారం చేసే విశ్వాసులకు తెలియనిది నేను కొత్తగా చెప్పవలసినది లేదు. రైతు మిర్చి యార్డుకు తెచ్చిన టిక్కీలలో (బస్తాలలో) తాలు (నాసి కాయ) ఎంత, తేమ ఎంత అని తగ్గించేటప్పుడు, ఆ రైతు మన అన్నగారై ఉంటే ఎంత తగ్గిస్తామో అంతే తగ్గించాలి.

ప్రార్థనాంశాలు, చాడీలు

కొండెములు చెప్పుకుంటూ తిరగవద్దనే ఆజ్ఞను మనం తరచుగా ప్రార్థన పేరుతోనే మీరుతున్నాము. "ఫలానా సహోదరి కుమార్తె సంబంధం చెడిపోయింది, భారంతో ప్రార్థించండి" అని ఒకరు వాట్సాప్ గ్రూపులో పెట్టగానే, సాయంత్రానికి ఆ అమ్మాయి గురించి తెలియని ఇల్లు ఉండదు. అందరూ ప్రార్థన కోసమే పంపామంటారు. ఆ తల్లి మాత్రం తరువాతి ఆదివారం ఎవరి ముఖమూ చూడలేక మందిరం వెనుక వరుసలో కూర్చుని, ముగింపు ప్రార్థనకు ముందే లేచి వెళ్లిపోతుంది.

దీనికి నియమం కష్టమైనది కాదు. ఎవరి విషయమైనా వారి అనుమతి లేకుండా ప్రార్థనాంశంగా చెప్పకూడదు. జబ్బు పేరు, అప్పు మొత్తం, భార్యాభర్తల మధ్య మాటలు, పిల్లల ప్రేమ వ్యవహారాలు గ్రూపులో రానివ్వకూడదు. "ఒక కుటుంబం కోసం ప్రార్థించండి" అంటే దేవునికి ఆ కుటుంబం ఏదో తెలుసు. గ్రూపు నడిపే సంఘ కాపరి లేదా పెద్ద అలాంటి సందేశం కనబడగానే తొలగించి, పంపినవారికి విడిగా ఫోను చేసి నెమ్మదిగా చెప్పాలి, అందరి ముందూ మందలించకూడదు. ఎవరైనా మన దగ్గరకు వచ్చి మూడో మనిషి సంగతి మొదలుపెడితే, "ఆయననే అడుగుదాం పదండి, నేనూ వస్తాను" అనండి.

మనవాడు కాని పొరుగువాడు

"నా పొరుగువాడెవడు?" అని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు, దొంగల దెబ్బలు తిని దారిలో పడి ఉన్న మనిషిని పూటకూళ్ల ఇంటికి చేర్చి ఆదుకున్న సమరయుని కథ చెప్పాడు. యూదులు సమరయులతో సాంగత్యం చేయని రోజులవి. మన ఊళ్లలో ఆ గీత ఎక్కడ ఉందో మనకు బాగా తెలుసు. ఇల్లు అద్దెకు అడగడానికి వచ్చినవారిని ముందు కులం అడిగే విశ్వాసి ఉన్నాడు. ఒకే ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో) పాలుపొంది, ఆ తరువాత పెళ్లి సంబంధం దగ్గర, భోజనాల వరుస దగ్గర, చివరికి సమాధుల తోటలో స్థలం దగ్గర విడిపోయే సంఘాలు ఉన్నాయి. ఇది మారాలంటే ప్రసంగాల కంటే ముందు పొయ్యి దగ్గర మొదలుపెట్టాలి. మన కులం కాని విశ్వాసుల ఇంటికి వెళ్లి వారు వండినది తినండి, వారిని మన ఇంటికి పిలిచి మన కంచాల్లోనే వడ్డించండి. ఇంటి ముందు టు-లెట్ బోర్డు పెట్టేటప్పుడు, అద్దె, అడ్వాన్సు, కుటుంబంలో ఎంతమంది అన్న ప్రశ్నలు తప్ప మరొకటి అడగకూడదని భార్యాభర్తలు ముందే ఒప్పందానికి రావాలి.

ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కుటుంబాలు, అమరావతి నిర్మాణాలకు వచ్చిన ఉత్తరాది కూలీలు మన కాలపు పరదేశులు. వారికి మన భాష రాదు, రేషను దుకాణం ఎక్కడో, ఆసుపత్రిలో ఏ వరుసలో నిలబడాలో తెలియదు. హిందీ వచ్చిన యువకులు వారం వారం ఒక గంట వారితో గడిపి, పిల్లలకు టీకాలు పడ్డాయో లేదో, జీతం చేతికి వస్తున్నదో లేదో తెలుసుకోవడం యువజన కూటానికి మంచి పని.

గుంటూరు జీజీహెచ్‌కు (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) పల్నాడు నుండి, ప్రకాశం నుండి వచ్చే రోగుల వెంట ఒక ముసలి తల్లో, చదువు రాని భర్తో ఉంటారు. పడక రోగికి దొరుకుతుంది గాని, వెంట వచ్చినవారు వరండాల్లో నిద్రపోతారు. అక్కడ సేవ చేయదలచినవారు వార్డు సిబ్బంది అనుమతి తీసుకుని, ఇద్దరేసి చొప్పున వెళ్లాలి. అక్కడ కావలసినవి పెద్దవి కావు: ఫ్లాస్కులో వేడి నీళ్లు, ఒక చాప, ఫోను ఛార్జింగు, రక్త పరీక్ష ఏ గదిలోనో చూపించే మనిషి, డాక్టరు రాసిన చీటీలో ఏ మాత్ర అన్నం ముందు వేయాలో విడమరచి చెప్పేవారు, డిశ్చార్జి రోజున ఊరికి బస్సు చార్జీ. రోగి అడిగితే ప్రార్థించండి. అడగకపోతే ఇంటికి వచ్చి ప్రార్థించండి. సాయానికి బదులుగా కూడికకు రమ్మని షరతు పెట్టకూడదు, ఫోటో తీయకూడదు.

సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చాడు. మత్తయి 20వ అధ్యాయం ప్రకారం ఒక దేనారము ఒక రోజు కూలి. అంటే అతడు తెలియని మనిషి కోసం రెండు రోజుల సంపాదన ఇచ్చి, తాను లేని రోజుల ఖర్చు కూడా తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని మాట ఇచ్చి వెళ్లాడు. ప్రతి నెలా రెండు రోజుల ఆదాయాన్ని దశమభాగం (సంఘానికి ఇచ్చే పదో వంతు) నుండి కాకుండా విడిగా ఒక కవరులో పెట్టుకోండి. అనుకోకుండా ఎదురయ్యే పొరుగువాని కోసం ఆ కవరు ఉండాలి. నెలాఖరుకు మిగిలితే మరుసటి నెలకు కలపండి, ఇంటి ఖర్చుకు వాడవద్దు.

మన చుట్టూ ఉన్న మరొక పొరుగువారు అపార్ట్‌మెంట్లలో ఒంటరిగా ఉన్న వృద్ధ దంపతులు. పిల్లలు అమెరికాలో ఉంటారు, డబ్బుకు లోటు ఉండదు. గ్యాస్ బండ మార్చేవారు, రాత్రి ఛాతీ నొప్పి వస్తే తలుపు తీసేవారు ఉండరు. మీ ఫోను నంబరును పెద్ద అక్షరాలతో రాసి వారి ఫ్రిజ్ మీద అంటించండి, వారి పిల్లల నంబరు మీ దగ్గర ఉంచుకోండి, వారు ఏ మతస్థులైనా సరే.

మన భక్తి వారికి బరువు కాకుండా

ఇంటి కూటంలో సౌండ్ బాక్సు లోపలివారికి వినపడేంత ఉంటే చాలు. పక్క వాటాలో ఇంటర్ పరీక్షలకు చదువుకునే పిల్లవాడు ఉంటే పాటలు తొమ్మిదింటికి ముగించండి, ఆదివారం కార్లు, బండ్లు ఎదుటివారి గేటుకు అడ్డం పెట్టనీయకుండా ఇద్దరు యువకులను నిలబెట్టండి.

వేసవిలో సంఘాలు చలివేంద్రాలు తెరుస్తాయి. విజయవాడ ఎండల్లో అది నిజంగా ప్రాణం నిలిపే పని. అయితే ప్రారంభం రోజు బ్యానరు, మజ్జిగ ఉండి, రెండో వారానికి కుండలు ఎండిపోయి కనిపించే చలివేంద్రం దప్పిగొన్నవానికి ఆశ చూపి మోసం చేసినట్లే. తొలకరి పడే వరకు ఏ రోజు ఎవరు నీళ్లు నింపాలో, మధ్యాహ్నం రెండింటికి ఎవరు చూసి రావాలో ముందే పేర్లు రాసి పెట్టుకోగలిగితేనే మొదలుపెట్టండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు పులిహోర పొట్లాలు తెచ్చినవారు చాలామంది ఉన్నారు. నీరు తీసిన తరువాత ఇళ్లలో బురద ఎత్తిపోయడానికి, తడిసిన ఆధార్ కార్డులు, సర్టిఫికెట్లు మళ్లీ తీయించడానికి మనుషులు కావలసి వచ్చింది. విపత్తు వచ్చినప్పుడు మీ సంఘం నుండి కొందరిని ఆ మలి రోజుల పని కోసం ముందే కేటాయించి ఉంచండి.

మాటలు లేని ఇల్లు

బలిపీఠం వద్ద అర్పణ అర్పిస్తూ, సహోదరునికి మన మీద ఏదైనా విరోధం ఉన్నదని జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5:23-24లో ప్రభువు ఆజ్ఞాపించాడు. అక్కడ ఆయన ఎవరిది తప్పు అని అడగలేదు. గోడ హద్దు దగ్గర, ఆస్తి పంపకం దగ్గర, పెళ్లిలో పిలుపు సరిగా లేదన్న కారణం దగ్గర ఏళ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు మన ప్రతి సంఘంలోనూ ఉన్నారు. బల్ల తీసుకునే ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం వారి ఇంటికి ఒంటరిగా వెళ్లండి. మధ్యవర్తులను, బంధువులను వెంటబెట్టుకుని వెళితే అది పంచాయితీ అవుతుంది. పాత లెక్కలు మొదటి నుండి వల్లించవద్దు. మీ వైపు నుండి జరిగిన ఒక తప్పును పేరు పెట్టి చెప్పి, క్షమించమని అడగండి. "నీ వల్ల కూడా" అన్న మాట నోటి వరకు వస్తే మింగేయండి. ఇవ్వవలసిన డబ్బు ఏదైనా ఉంటే తీసుకునే వెళ్లండి.

వారు తలుపు తీయకపోవచ్చు, తీసినా మాట్లాడకపోవచ్చు. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి" అన్నాడు పౌలు (రోమా 12:18). మన చేతనైనంత వరకు చేయడం మన పని. కొన్ని నెలలు ఆగి మళ్లీ వెళ్లండి. ఈలోగా వారి గురించి ఎవరి దగ్గరా చెడుగా మాట్లాడవద్దు, మన పిల్లలను వారి పిల్లలతో ఆడుకోవద్దని అనవద్దు. కోర్టులో వాయిదాలు నడుస్తున్నా సరే, వారి ఇంట్లో చావు జరిగితే అందరికంటే ముందు వెళ్లండి, పాడె మోయడానికి మనిషి తక్కువైతే భుజం పట్టండి, పెళ్లి పిలుపు వస్తే కుటుంబమంతా వెళ్లండి. దావా సంగతి అక్కడ ఎత్తకండి.